బ్యాకప్ తీశారు సరే, తీసినట్టు లెక్కేదీ?

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో ర్యాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బు అడిగే వైరస్) దాడి అని వార్త పడ్డప్పుడల్లా పక్కన ఒక చిన్న బాక్స్ వేస్తారు, డేటా బ్యాకప్ పెట్టుకోండి, ఒక కాపీ ఆఫ్‌లైన్లో ఉంచండి అని. మంచి మాటే. నేను చాలా ఏళ్లుగా హైదరాబాద్‌లో బ్యాకప్ అడ్మిన్‌గా పని చేస్తున్నా, ఆ బాక్స్‌లో ఎప్పుడూ రాని ఒక సంగతి రాయాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నా. అదేంటంటే బ్యాకప్ జాబ్, అంటే కంప్యూటర్ కాపీ తీసే పని, ఏ రోజు నడిచింది, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి అయిపోయింది, ఎంత సైజు వచ్చింది, పాసా ఫెయిలా, ఫెయిలైతే ఎందుకైంది అనే హిస్టరీ. దాన్ని మన దగ్గర దాదాపు ఎవరూ దాచట్లేదు. బ్యాకప్ డేటాని టేపుల్లో పెట్టి ఏడేళ్లు పదేళ్లు వాల్ట్‌లో దాస్తారు, దానికి బోలెడు డబ్బు కడతారు, కానీ ఆ బ్యాకప్ తీసిన రికార్డుని మాత్రం సాఫ్ట్‌వేర్ తనంతట తానే చెరిపేస్తుంటే ఎవరూ పట్టించుకోరు, చాలామందికి అసలు అది చెరిగిపోతోందని కూడా తెలీదు.

ఇది ఐటీ వాళ్ల గోల, మాకెందుకులే అనుకుంటారేమో, కాదు. ముందు చట్టం సంగతి చెప్తా, ఎందుకంటే చిన్న చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీలు నడుపుకునేవాళ్లు మీ పాఠకుల్లో చాలామంది ఉంటారు, వాళ్లలో చాలామందికి ఇది నెత్తిన పడేదాకా తెలియట్లేదు. 2022 ఆగస్టులో కంపెనీల అకౌంట్స్ రూల్స్ మార్చారు. అంతకుముందు అకౌంట్ పుస్తకాలు కంప్యూటర్లో ఉంటే అప్పుడప్పుడు, అంటే పీరియాడిక్‌గా బ్యాకప్ ఇండియాలో ఉన్న సర్వర్‌లో పెడితే సరిపోయేది. ఆ సవరణతో రోజూ పెట్టాలి అన్నారు. రోజూ అంటే రోజూనే, ఆదివారం, పండగ అని మినహాయింపు ఏమీ రాయలేదు. ఇక కంపెనీల చట్టం 128వ సెక్షన్ ప్రకారం పుస్తకాలు 8 ఆర్థిక సంవత్సరాలు భద్రంగా ఉంచాలి. మరి రోజూ బ్యాకప్ పెట్టారో లేదో ఆడిటర్ ఎలా తెలుసుకుంటాడు? మీ సర్వర్ రూమ్‌లోకి వచ్చి రోజూ రాత్రి కూర్చోడు కదా. మార్చి 31కి సంవత్సరం అయిపోయాక ఏ జూలైలోనో ఆగస్టులోనో వచ్చి, పోయిన ఏడాది ఏప్రిల్ రెండో వారంలో బ్యాకప్ నడిచినట్టు చూపించండి అంటాడు. అప్పుడు చూపించడానికి ఏముంటుంది? ఏమీ ఉండదు. బ్యాకప్ నిజంగానే నడిచి ఉంటుంది, పాపం ఆ కుర్రాడు రోజూ చూసే ఉంటాడు, కానీ రుజువు లేదు. దాంతో ఆడిటర్ తన రిపోర్టులో, రోజువారీ బ్యాకప్ లాగ్‌లు (నడిచిన రికార్డులు) లేనందున దీని మీద మేము ఏమీ చెప్పలేకపోతున్నాం అని ఒక లైను రాసేస్తాడు. పెద్ద పెద్ద కంపెనీల వార్షిక నివేదికల్లో కూడా ఈ తరహా లైన్లు కనిపిస్తున్నాయి, కావాలంటే నాలుగు తెరిచి ఆడిటర్ రిపోర్టు భాగం చదివి చూడండి. ఆ లైను పడ్డ బ్యాలెన్స్ షీట్ పట్టుకుని లోన్‌కి వెళ్తే బ్యాంకు వాడు ఇదేంటని అడుగుతాడు, అప్పుడు చెప్పుకోవడానికి మాటలు తప్ప కాగితం ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, ఈ రికార్డు ఎందుకు మాయమవుతోందో. దాదాపు ప్రతి బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌లోనూ జాబ్ హిస్టరీ ఎన్నాళ్లు ఉంచాలి అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఇన్‌స్టాల్ చేసిన రోజున ఎలా వచ్చిందో అలాగే ఉండిపోతుంది, ఎవరూ ముట్టుకోరు. నెట్‌బ్యాకప్ అనే సాఫ్ట్‌వేర్‌లో చాలా వెర్షన్లలో అది 78 గంటలు. గంటలండీ, రోజులు కాదు. అంటే శుక్రవారం రాత్రి పది గంటలకి అయిన జాబ్ వివరాలు మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి స్క్రీన్ మీద ఉండవు, సంక్రాంతికి ఊరెళ్లి వచ్చి కంప్యూటర్ తెరిస్తే భోగి రోజు ఏం జరిగిందో తెలుసుకునే దారి ఉండదు. మేమంతా ఇప్పటికీ టీఎస్ఎం అని పిలుచుకునే ఐబీఎం సాఫ్ట్‌వేర్‌లో షెడ్యూల్ ఈవెంట్ల రికార్డు 10 రోజులు, యాక్టివిటీ లాగ్ 30 రోజులు. ఒరాకిల్ డేటాబేస్‌లో ఆర్‌మ్యాన్ అనే బ్యాకప్ టూలు వివరాలు కంట్రోల్ ఫైల్ అనే దాని సొంత ఫైల్‌లో 7 రోజులు దాటితే వాటి మీద కొత్తవి రాసుకునే వీలుంటుంది, విడిగా రికవరీ కేటలాగ్ అనే రికార్డు పెట్టుకున్నవాళ్లకే పాతవి మిగులుతాయి. లినక్స్ సర్వర్లలో క్రాన్‌లో (టైంకి పని నడిపే టూలు) స్క్రిప్ట్ పెట్టి నడిపేవాళ్లయితే మరీ దారుణం, పాత లాగ్‌లని తీసేసే లాగ్‌రొటేట్ మామూలుగా వారానికో ఫైలు చొప్పున నాలుగు ఉంచి ఐదోది పడేస్తుంది, అంటే నెల రోజులు.

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ సంగతి ఇంకొంచెం విడమరిచి చెప్పాలి, మన దగ్గర చిన్న ఆస్పత్రులు, స్కూళ్లు, సూపర్‌మార్కెట్ బిల్లింగ్ చాలా వరకు దాని మీదే నడుస్తాయి. దాంట్లో ఏజెంట్ (జాబ్‌లని టైంకి నడిపే భాగం) జాబ్ హిస్టరీకి మొత్తం 1000 వరుసలు, ఒక్కో జాబ్‌కి 100 వరుసలు అని పరిమితి ముందే పెట్టి ఉంటుంది. ఒక జాబ్ ఒకసారి నడిస్తే కనీసం రెండు వరుసలు పడతాయి, స్టెప్‌కి ఒకటి, మొత్తం ఫలితానికి ఒకటి. ట్రాన్సాక్షన్ లాగ్ బ్యాకప్ (డేటాలో జరిగిన మార్పుల కాపీ) 15 నిమిషాలకోసారి పెట్టారనుకోండి, 50 సార్లు నడిచేసరికి 100 వరుసలు నిండిపోతాయి, అంటే పన్నెండున్నర గంటల హిస్టరీ మాత్రమే మిగులుతుంది. రాత్రి తొమ్మిదింటికి ఫెయిలైంది పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసుకి వచ్చేసరికి లిస్టులోంచి జారిపోయి ఉంటుంది. ఎంఎస్‌డీబీ అనే దాని లోపలి డేటాబేస్‌లో బ్యాకప్ హిస్టరీ వేరేగా ఉంటుంది కదా అని తెలిసినవాళ్లు అంటారు, ఉంటుంది, ఎవరో ఒకరు క్లీన్ చేసేదాకా ఉంటుంది, కానీ దాంట్లో పడేవి పాసైన బ్యాకప్‌లే.

ఈ పాయింటు దగ్గర కాస్త ఆగాలి, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే భయం వేసేది ఇదే. పాసైన బ్యాకప్‌కి ఎక్కడో ఒక చోట ఆనవాలు ఉంటుంది, కేటలాగ్‌లోనో (ఏ బ్యాకప్ ఎక్కడుందో చెప్పే పట్టిక) టేపు మీదో డిస్క్ మీదో, దాని గడువు తీరేదాకా ఉంటుంది. ఫెయిలైన జాబ్‌కి అలాంటిదేమీ మిగలదు, దాని ఉనికి అంతా ఆ జాబ్ హిస్టరీలో ఉన్న ఒక్క వరుసే. ఆ వరుస చెరిగిపోతే ఫెయిలైందన్న సంగతే ప్రపంచంలో లేకుండా పోతుంది. పాలవాడి లెక్కకి క్యాలెండర్ మీద టిక్కులు పెట్టుకుని, పాలు రాని రోజుల గళ్లు మాత్రం కత్తిరించి పారేస్తే నెలాఖరుకి ఎలా కనిపిస్తుంది? ఒక్క రోజు కూడా నాగా లేనట్టే కనిపిస్తుంది. ఆరు నెలల తర్వాత కేటలాగ్‌లోంచి రిపోర్టు తీస్తే సరిగ్గా ఇలాగే అన్నీ పచ్చగా, పాసైనట్టే వస్తాయి, పై వాళ్లు చూసి సంతోషపడతారు. అది అబద్ధం చెప్పాలని ఎవరూ చేసింది కాదు, చెడ్డ రోజుల రికార్డు ముందు పోయి మంచి రోజుల రికార్డు మిగలడం వల్ల దానంతట అదే తయారైన అబద్ధం.

వీమ్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు మాది 53 వారాలు ఉంటుంది, మాకు ఇబ్బంది లేదు అంటారు. నిజమే, దాంట్లో సెషన్ హిస్టరీ డీఫాల్ట్‌గా 53 వారాలు, మిగతా వాటితో పోలిస్తే చాలా నయం. కానీ ఇందాక చెప్పిన ఆడిట్ లెక్క వేసుకోండి. ఏప్రిల్లో మొదలైన ఆర్థిక సంవత్సరాన్ని ఆడిటర్ చూసేది మరుసటి ఏడాది జూలై ఆగస్టుల్లో, అంటే మొదటి నెలల రికార్డుకి అప్పటికి పదిహేను పదహారు నెలల వయసు. 53 వారాలంటే సంవత్సరం మీద ఒక వారం. మొదటి మూణ్నాలుగు నెలలు పోయినట్టే. అది కూడా ఆ ఒక్క ఏడాదికే, 8 ఏళ్ల సంగతి దేవుడెరుగు.

మరి మన వాళ్లు ఏం చేస్తున్నారంటే, మాదాపూర్ గచ్చిబౌలి వైపు ఏ ఆఫీసులోనైనా చూడండి, నైట్ షిఫ్ట్ కుర్రాళ్లు పొద్దున ఆరింటికి ఒక ఎక్సెల్ షీట్ చేసి మెయిల్ కొడతారు, దాన్ని మార్నింగ్ రిపోర్ట్ అంటారు. పాసైనవి పచ్చ రంగు, ఫెయిలైనవి ఎరుపు, సెల్స్ మెర్జ్ చేసి అందంగా పైన కంపెనీ లోగో కూడా పెడతారు. ఆ మెయిలే ఆ సంస్థకి ఉన్న ఏకైక బ్యాకప్ చరిత్ర. ఆ కుర్రాడు వేరే కంపెనీకి మారితే ముప్పై రోజుల్లో మెయిల్‌బాక్స్ తీసేస్తారు, చరిత్ర కూడా దాంతోపాటే పోతుంది. మెయిల్స్ మిగిలినా వందల షీట్లు, రోజుకో రకం కాలమ్, రంగుని బట్టి లెక్కపెట్టాలంటే ఎవరి తరం కాదు. ఇంకొన్ని చోట్ల స్క్రీన్‌షాట్లు తీసి ఫోల్డర్‌లో పడేస్తారు, ఆడిటర్ అడిగితే ఇస్తారు, కానీ స్క్రీన్‌షాట్‌లో ఉన్న నంబర్లని కూడి, పోల్చి, ఈ సర్వర్ గత రెండేళ్లలో ఎన్నిసార్లు ఫెయిలైంది అంటే చెప్పలేం. ఆ పిల్లలు అంత కష్టపడి రాత్రంతా మేలుకుని చేసిన పని మర్నాడే పనికిరాకుండా పోవడం చూస్తే బాధేస్తుంది.

ఆడిటర్ కోసమే అయితే నేను ఇంత పెద్ద ఉత్తరం రాయను. అసలు ఉపయోగం వేరే ఉంది. గిట్‌ల్యాబ్ అని సాఫ్ట్‌వేర్ వాళ్లందరికీ తెలిసిన సంస్థ, 2017 జనవరి 31న వాళ్ల ఇంజనీరు ఒకరు పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్ మీద డిలీట్ కొట్టేశాడు, దాదాపు 300 జీబీలో ఆపేసరికి 4.5 జీబీ మిగిలింది. సరే బ్యాకప్ ఉందిగా అని వెళ్లి చూస్తే రోజూ వెళ్లాల్సిన బ్యాకప్ స్టోరేజ్‌లో ఖాళీ. కారణం ఏంటంటే బ్యాకప్ తీసే టూలు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ 9.2 వెర్షన్‌ది, వాళ్ల డేటాబేస్ 9.6, వెర్షన్ కుదరక ప్రతిసారీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతోంది. మరి ఫెయిలైతే మెయిల్ రావాలి కదా? మెయిల్ వెళ్తోంది, కానీ పంపింది అసలువాళ్లేనా అని తేల్చే డీమార్క్ అనే ఏర్పాటు ఆ మెయిల్స్‌కి పెట్టనందువల్ల అవతల మెయిల్ సర్వర్ దాన్ని తిప్పి కొట్టేస్తోంది, ఎవరికీ అందలేదు. చివరికి వేరే పని కోసం ఆరు గంటల ముందు ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (ఆ క్షణానికి ఉన్నదున్నట్టు కాపీ) ఉండబట్టి బయటపడ్డారు, ఆ ఆరు గంటల్లో వచ్చిన కనీసం 5000 ప్రాజెక్టులు, 5000 కామెంట్లు, 700 మంది కొత్త యూజర్ల వివరాలు పోయాయి. ఈ వివరాలన్నీ వాళ్లే దాచుకోకుండా బయటపెట్టారు, అందుకు వాళ్లకి దండం పెట్టాలి. నేను అనేదేంటంటే, ఫెయిలైతే మెయిల్ వస్తుందిలే అని కూర్చునే పద్ధతిలో మెయిల్ రాకపోవడం అంటే అంతా బాగుందన్నట్టే లెక్క. అదే రోజువారీ జాబ్ సైజు ఒక టేబుల్‌లో పడుతూ, వారానికోసారి ఎవరో ఒకరు ఆ గ్రాఫ్ చూస్తూ ఉంటే, గీత ఒక్కసారిగా సున్నాకి పడిపోయిన రోజు మొదటి వారంలోనే కళ్లకి కనిపించేది.

సైజు పడిపోవడమే కాదు, పెరగడం కూడా చూడాలి. ర్యాన్సమ్‌వేర్ ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే చదవలేని రూపంలోకి మార్చడం మొదలెడితే రోజూ 20 జీబీ వచ్చే ఇన్‌క్రిమెంటల్ (మారిన ఫైళ్లు మాత్రమే తీసే బ్యాకప్) ఉన్నట్టుండి 400 జీబీ అవుతుంది, ఎందుకంటే ఫైళ్లన్నీ మారిపోయాయి, పైగా ఎన్‌క్రిప్ట్ అయిన డేటా కంప్రెస్ అవదు, డీడూప్ (ఒకేలాంటివి ఒకసారే దాచడం) అవదు. కానీ 400 ఎక్కువో తక్కువో తెలియాలంటే మామూలుగా ఎంత వస్తుందో తెలిసి ఉండాలి కదా, నెలాఖరు రోజు ఎంత వస్తుంది, ఆర్థిక సంవత్సరం చివర్లో ఎంత వస్తుంది, ఇదంతా కనీసం ఒక ఏడాది పైన హిస్టరీ ఉంటేనే తేలుతుంది. ఇక దాడి జరిగిపోయాక అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఏంటంటే, ఏ తేదీ బ్యాకప్ శుభ్రంగా ఉంది, ఎక్కడికి వెనక్కి వెళ్లాలి. దొంగలు లోపలికి వచ్చి వారాల తరబడి చప్పుడు చేయకుండా ఉంటారు, కాబట్టి నిన్నటి బ్యాకప్ అనేసి ఊరుకోలేం. అప్పుడు ఆ పాత జాబ్‌ల వరుసే దారి చూపిస్తుంది.

ఢిల్లీ ఎయిమ్స్ మీద 2022 నవంబర్ 23న జరిగిన దాడి అందరికీ గుర్తుండే ఉంటుంది, దాదాపు రెండు వారాలు ఓపీ చీటీల నుంచి ల్యాబ్ రిపోర్టుల దాకా చేత్తో రాసుకున్నారు. ఐదు సర్వర్లు, దాదాపు 1.3 టీబీ డేటా ఎన్‌క్రిప్ట్ అయిందని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది, ఈ-హాస్పిటల్ డేటా మొత్తం దాడి తగలని ఒక బ్యాకప్ సర్వర్ నుంచి తిరిగి తెచ్చుకోగలిగామని కూడా చెప్పింది. అక్కడ బ్యాకప్ నిలబడింది కాబట్టి సరిపోయింది. మన జిల్లా ఆస్పత్రిలో ఇలా జరిగితే నిలబడుతుందా అని నేను అడిగితే జవాబు చెప్పగలిగే కాగితం ఎవరి దగ్గరైనా ఉందా?

2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలో డేజాన్ అనే ఊళ్లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో లిథియం బ్యాటరీల దగ్గర నిప్పంటుకుని, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ అనే క్లౌడ్ 858 టీబీ మొత్తం కాలిపోయింది, దానికి బయట ఎక్కడా బ్యాకప్ లేదు, మరీ పెద్దది కాబట్టి తీయలేదు అన్నారు. ఇక్కడ జాబ్ ఫెయిలవ్వలేదు, అసలు జాబే లేదు. లేని జాబ్ ఎప్పటికీ ఫెయిలవదు, ఏ రిపోర్టులోనూ ఎర్రగా కనిపించదు. అందుకే హిస్టరీ అంటే నడిచిన జాబ్‌ల లిస్టు ఒక్కటే దాస్తే చాలదు, ఆ రోజు మన దగ్గర మొత్తం ఎన్ని సర్వర్లు ఉన్నాయి, వాటిలో వేటికి బ్యాకప్ ఉండాలి, వేటిని వద్దని వదిలేశాం, ఎవరు వదిలేయమన్నారు, ఈ లిస్టు కూడా రోజూ పక్కన దాచాలి. ఒక సర్వర్ పాలసీని (ఎప్పుడు బ్యాకప్ తీయాలో చెప్పే సెట్టింగ్) ఏదో మెయింటెనెన్స్ కోసం డిజేబుల్ చేసి మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవడం మా ఫీల్డులో రోజూ జరిగేదే, నెలల తరబడి ఎవరికీ తెలీదు. ఉండాల్సినవాటి లిస్టుతో నడిచినవాటి లిస్టుని పోల్చి చూస్తే తప్ప అది బయటపడదు.

పర్సంటేజీల గురించి కూడా చెప్పాలి. నెలాఖరు మీటింగ్‌లో సక్సెస్ రేటు 99 శాతం అని ఒక స్లైడ్ వేస్తారు, అందరూ సరే అంటారు. 300 సర్వర్లలో ఒక శాతం అంటే మూడు. ఆ మూడూ రోజూ వేర్వేరు అయితే ఫరవాలేదు, మర్నాడు సర్దుకుంటాయి. రోజూ అవే మూడు అయితే ఆ మూడిటికి నెల నుంచి బ్యాకప్ లేదని అర్థం, అయినా శాతం మాత్రం అదే 99. వరసగా ఎన్ని రోజులు ఫెయిలైంది అనే లెక్క సర్వర్ వారీగా తీయాలంటే విడివిడి జాబ్‌ల వివరం దాచుకోవాలి, నెలకో శాతం నంబర్ దాచుకుంటే అది రాదు. ఇంకో తిరకాసు ఏంటంటే ఫెయిలైన జాబ్‌ని మళ్లీ రన్ చేస్తే పాసయింది, దాన్ని ఒకటిగా లెక్కేస్తారా రెండుగానా? కొన్ని ఫైళ్లు వదిలేసి పూర్తయిన పార్షియల్ జాబ్ పాసా ఫెయిలా? ఒక్కో టీం ఒక్కోలా లెక్కేస్తుంది, మేనేజర్ మారితే లెక్క మారుతుంది, గ్రాఫ్ పైకి లేస్తుంది, పని మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. ముడి వరుసలు దాచిపెట్టుకుంటే ఏ లెక్కైనా ఎప్పుడైనా మళ్లీ వేసుకోవచ్చు, అందుకే శాతాలు కాకుండా వరుసలు దాచండి అంటున్నా.

చోటు సరిపోదేమో అనేవాళ్ల కోసం ఒక లెక్క. రోజుకి 1000 జాబ్‌లు నడిచే పెద్ద సంస్థ అనుకుందాం, ఒక్కో వరుసకి 500 బైట్లు వేసుకున్నా రోజుకి అర ఎంబీ, ఏడాదికి 180 ఎంబీ పైచిలుకు, 8 ఏళ్లకి కలిపి ఒకటిన్నర జీబీ. ఒక సినిమా ఫైలంత. వందల టీబీ దాచే సంస్థకి ఇదొక ఖర్చా? కాబట్టి చోటు లేక పోవట్లేదు, పట్టించుకోక పోతోంది. బ్యాకప్ సర్వర్‌లో రిటెన్షన్ (హిస్టరీ ఉంచే గడువు) 8 ఏళ్లకి పెంచేయమని కూడా నేను అనట్లేదు, అలా పెంచితే కన్సోల్ (అడ్మిన్ చూసే స్క్రీన్) బరువెక్కి నత్తనడక నడుస్తుంది, అందుకే కంపెనీలు తక్కువ పెట్టి ఇస్తాయి. రోజూ ఒకసారి నిన్నటి జాబ్‌లన్నిటినీ సీఎస్‌వీగా (ఎక్సెల్‌లో తెరుచుకునే మామూలు ఫైలు) బయటికి తీసి వేరే చోట ఒక మామూలు డేటాబేస్‌లో కలుపుకుంటూ పోవాలి, అంతే. చాలా సాఫ్ట్‌వేర్లలో అందుకు కమాండ్ ఉంది, తెలిసినవాడికి ఒక మధ్యాహ్నం పని. కాకపోతే ఆ డేటాబేస్ బ్యాకప్ సర్వర్ మీదే పెట్టొద్దు, దాడి చేసేవాళ్లు మొట్టమొదట వెతికేది బ్యాకప్ సర్వర్‌నే. టైమ్ ఏ దేశం టైమో రాసుకోండి, అమెరికా క్లయింట్ల పని చేసే చోట తేదీలు కలగాపులగం అవడం మామూలే. సర్వర్ పేరు మారితే పాత పేరు కూడా ఉంచండి. ఎందుకు ఫెయిలైంది, ఎవరు చూశారు, టికెట్ (ఫిర్యాదు) నంబర్ ఏంటి అనే కాలమ్ మాత్రం మర్చిపోవద్దు, రెండేళ్ల తర్వాత ఎర్రర్ కోడ్ ఒక్కటే చూసి ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. దాచమన్నాను కదా అని బ్యాకప్ అయిన ప్రతి ఫైలు పేరూ ఏళ్ల తరబడి దాచొద్దు. ఆస్పత్రుల్లో రోగి పేరుతోనే స్కానింగ్ ఫైలు ఉంటుంది, ఆ పేర్లు రిపోర్టింగ్ డేటాబేస్‌లోకి వచ్చాయంటే అది ఇంకో తలనొప్పి, పర్సనల్ డేటా చట్టం కిందికి వస్తుంది. జాబ్ వివరం వేరు, ఫైళ్ల వివరం వేరు. బాక్యులా అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా చక్కగా పెట్టారు, ఫైళ్ల రికార్డుకి 60 రోజులు, జాబ్ రికార్డుకి 180 రోజులు అని డీఫాల్ట్‌లోనే విడదీశారు. ఆ 180 నా లెక్కలో తక్కువే, కానీ విడదీయడం మంచి పద్ధతి.

180 అంటే గుర్తొచ్చింది, కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రత సంస్థ సెర్ట్-ఇన్ వాళ్లు 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఐటీ సిస్టమ్స్ లాగ్‌లు 180 రోజులు ఇండియాలోనే ఉంచాలి, దాడి జరిగితే 6 గంటల్లో చెప్పాలి అన్నారు. అది కనీసం ఉంచాల్సిన గడువు. మన వాళ్లు దాన్ని చెరిపేయాల్సిన గడువు అనుకుని 181వ రోజున తుడిచేసేలా సెట్ చేస్తున్నారు. కంపెనీల రూల్ ఒకటి, సెర్ట్-ఇన్ ఒకటి, పర్సనల్ డేటా రూల్స్‌లో లాగ్‌లు ఏడాది ఉంచాలన్నది ఇంకొకటి, వీటిలో ఏది ఎక్కువ కాలమో దాన్ని పట్టుకోవాలి గానీ ఏది తక్కువో దాన్ని కాదు.

డబ్బు సంగతి కూడా ఉంది. బ్యాకప్ లైసెన్సులు చాలా వరకు ఎన్ని టీబీ డేటాని కాపాడుతున్నారు అనే లెక్క మీద అమ్ముతారు. నేను పనిచేసిన ఒక చోట రెన్యువల్ టైంకి మా డేటా ఏడాదికి ఎంత పెరుగుతోందో చెప్పడానికి మా దగ్గర ఏ హిస్టరీ లేదు, అమ్మేవాళ్లు ఏడాదికి ఇంత పెరుగుతుంది అని ఒక అంకె చెప్పారు, మా వాళ్లు దానికే సంతకం పెట్టారు. అందులో సగానికి పైగా మూడేళ్లు వాడకుండానే గడువు తీరిపోయింది. మూడేళ్ల నెలవారీ సైజులు ఒక కాగితం మీద ఉండి ఉంటే బేరం వేరేగా నడిచేది. ఇంకో చోట అయితే బ్యాకప్ పని చూసే వెండార్‌ని మార్చారు, పాతవాళ్లు వెళ్తూ వెళ్తూ తమ సర్వర్ ఆఫ్ చేసుకుని వెళ్లిపోయారు, టేపులు ఇచ్చారు గానీ ఏ టేపు మీద ఏ తేదీ జాబ్ ఉందో ఇవ్వలేదు. కాంట్రాక్టులో రాయలేదు కాబట్టి అడిగే హక్కు కూడా లేకపోయింది. ఒక పాత ఫైలు కోసం టేపులన్నీ ఒక్కోటి ఎక్కించి చదివించాల్సి వచ్చింది.

అందుకే రెండు రాష్ట్ర ప్రభుత్వాలకీ మీ పేపర్ ద్వారా ఒక విన్నపం. ఆస్పత్రులు, యూనివర్సిటీలు, మున్సిపాలిటీలు, రిజిస్ట్రేషన్ ఆఫీసులు, ఎక్కడ ఐటీ టెండర్ పిలిచినా అందులో ఒక షరతు రాయండి, బ్యాకప్ జాబ్ హిస్టరీ మొత్తం ప్రభుత్వం సొంతం, నెలనెలా మామూలు ఫైల్ రూపంలో ఆ శాఖకి అప్పగించాలి, కాంట్రాక్టు అయిపోయిన రోజున ఆఖరి కాపీ ఇస్తేనే చివరి బిల్లు పాసవుతుంది అని. తెలంగాణలో భూభారతి, ఆంధ్రాలో మీభూమి, రైతుల భూముల లెక్కలన్నీ ఇప్పుడు వీటి మీదే ఉన్నాయి, పట్టాదారు పాస్‌బుక్ చేతిలో ఉన్నా ఆన్‌లైన్లో పేరు లేకపోతే ఆఫీసుల చుట్టూ ఎలా తిరగాలో మన ఊళ్లల్లో ఎవర్ని అడిగినా చెప్తారు. ఆ డేటాకి ఏడాదిలో ఎన్ని రోజులు బ్యాకప్ పాసయింది, ఎన్నిసార్లు రీస్టోర్ చేసి, అంటే తిరిగి తెచ్చి సరిచూశారు అనే రెండు అంకెలు ఏడాదికోసారి ప్రకటిస్తే తప్పేముంది? సర్వర్ పేర్లు, అడ్రస్‌లు చెప్పమనట్లేదు, కాబట్టి భద్రత పేరు చెప్పి దాచాల్సిందీ లేదు.

రీస్టోర్ అన్నాను కదా, దాని రికార్డు కూడా ఇందులోనే కలపాలి. బ్యాకప్ పాసయింది అంటే కాపీ అయిందని మాత్రమే, తిరిగి వస్తుందని కాదు. ఏ తేదీ బ్యాకప్‌ని ఎప్పుడు తిరిగి తెచ్చి చూశారు, ఎంతసేపు పట్టింది అనేది పక్కన ఉంటే, రేపు నిజంగా సర్వర్ పోయిన రోజున ఎన్ని గంటల్లో లేస్తుందో డాక్టర్‌కో మేనేజర్‌కో ఊహించి చెప్పాల్సిన అవసరం ఉండదు.

చిన్న షాపు, చిన్న కంపెనీ వాళ్లు, ట్యాలీ ఒక్క కంప్యూటర్లో పెట్టుకుని సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకునేవాళ్లు ఇదంతా చదివి కంగారు పడొద్దు. మీకు డేటాబేస్ అక్కర్లేదు, ఒక లాంగ్ నోట్‌బుక్ చాలు, తేదీ, టైము, ఫైల్ సైజు, కాపీ ఎక్కడ పెట్టారు, ఎవరు తీశారు, సంతకం. కాకపోతే కంపెనీగా రిజిస్టర్ అయితే పెన్‌డ్రైవ్ ఒక్కటే సరిపోదు, రూల్ ప్రకారం ఇండియాలో ఉన్న సర్వర్‌లో రోజూ ఉండాలి, దీని గురించి మీ సీఏ గారిని ఇప్పుడే అడగండి, ఆడిట్ టైంకి కాదు. ఏ రుజువు చూపిస్తే ఒప్పుకుంటారో కూడా ముందే అడిగి రాయించుకోండి, ఒకరు లాగ్ ఫైల్ కావాలంటారు, ఒకరు స్క్రీన్‌షాట్ చాలంటారు, ఇంకొకరు లెటర్ ఇవ్వమంటారు. చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థకి హైదరాబాద్‌లో, విజయవాడలో బ్రాంచీలు ఉన్నాయి, వాళ్లు దీని మీద ఒక నమూనా ఫారం తయారుచేసి తెలుగులో కూడా ఇస్తే చిన్న కంపెనీల అకౌంటెంట్లకి చాలా మేలు చేసినవాళ్లవుతారు.

ఐటీలో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక్క మాట, ఇది చదివిన రోజునే మీ బ్యాకప్ కన్సోల్ తెరిచి జాబ్ హిస్టరీ రిటెన్షన్ ఎంత ఉందో చూడండి, అందులో ఇప్పుడు ఎన్ని రోజులవి మిగిలి ఉంటే అన్నీ బయటికి ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఇవాళ రాత్రికి చెరిగిపోయేవి రేపు ఎవరి వల్లా తిరిగి రావు. మీ పేపర్ వాళ్లు కూడా ఈసారి ర్యాన్సమ్‌వేర్ వార్త పక్కన వేసే ఆ బాక్స్‌లో, బ్యాకప్ తీసిన రికార్డు కనీసం 8 ఏళ్లు వేరే చోట దాచండి అని ఒక లైను చేర్చాలని కోరుతున్నా.

ఇట్లు,
బ్యాకప్ పనిలో ఉన్న ఒక పాఠకుడు,
కూకట్‌పల్లి, హైదరాబాద్